ఇంగ్లీష్ కామెడీలో తెలుగు మాట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే విసుగొచ్చి లేచిపోయే రకాన్ని. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో, పాత సినిమాల మీది గీతలూ మచ్చలూ కంప్యూటర్‌లో తుడిచే చిన్న కంపెనీలో పని చేస్తాను. పోయిన జనవరిలో నాకొచ్చింది డెబ్బై ఏళ్ల కిందటి బ్రిటిష్ కామెడీ. ఎంత చవగ్గా తీశారంటే, తలుపు గట్టిగా వేస్తే గోడంతా ఊగుతుంది. అందులో అద్దెకున్నవాళ్లని తిట్టిపోసే ఇంటి ఓనరమ్మ ఒకావిడ. ఆవిణ్ణి చూసి నేనూ, పక్క సీటులో వరంగల్ శ్రీకాంతూ పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి స్పీకర్ పెట్టి ఒక సీను వేశాను. ఓనరమ్మ మాడిన రొట్టె పట్టుకుని అరుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, నేరుగా మా వైపు చూసింది. శుభ్రమైన తెలుగులో అంది: "కిటికీ తెరువు బాబూ. పసిదానికి ఊపిరాడటం లేదు."

భ్రమేమో అనుకున్నాను. కానీ శ్రీకాంత్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఈమె తెలుగుల మాట్లాడిందేంది?"

ఇంట్లో నా భార్య స్వప్న, నలభై రోజుల పాప ఉన్నారు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. కార్ తీశాను. ఇల్లు పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలు పగవాడికి కూడా వద్దు.

పడకగది తలుపు మూసి ఉంది. స్వప్న పాపకి తలంటి, సాంబ్రాణి పొగ వేసి, పక్కనే పడుకుంది. బయట మంచు పడుతోందని కిటికీలన్నీ బిగించేసి ఉన్నాయి. మట్టి మూకుట్లో బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గదిలో పొగనీ విషవాయువునీ పసిగట్టే అలారం ఉంది. సాంబ్రాణి వేసినప్పుడల్లా కూస్తోందని దానికి ప్లాస్టిక్ షవర్ క్యాప్ బిగించింది నేనే.

పిలిస్తే స్వప్న కళ్లు తెరవలేదు. ఎత్తుకుంటే పాప మెడ వాలిపోయింది. కిటికీ తెరిచాను. ఇద్దర్నీ బయటికి తెచ్చి 911కి ఫోన్ చేశాను. బొగ్గుల్లోంచి వచ్చిన విషవాయువు అన్నారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే, అంటూ అంబులెన్స్ అతను మాట మింగేశాడు.

ఇద్దరూ బతికారు.

నేను వెళ్లిపోయాక శ్రీకాంత్ ఆ సీను చాలాసార్లు వేసి చూశాడట. తర్వాత నేనూ చూశాను, అసలు రీలు కూడా తెప్పించి చూశాను. ఓనరమ్మ ఎక్కడా ఆగదు. మా వైపు చూడదు. మొత్తం ఇంగ్లీషే. శ్రీకాంత్ ఆ సినిమా మళ్లీ ముట్టనన్నాడు.

ఇంటికెందుకొచ్చావని స్వప్న అడిగితే, లాప్‌టాప్ ఛార్జర్ మర్చిపోయానని అబద్ధం చెప్పాను.

ఆ మాట ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చేసిన తప్పుకి నా కూతురు చచ్చిపోవాల్సింది. ఎవరో పిలిచి చెప్పారు. ఎవరో తెలిస్తే కాళ్ల మీద పడేవాణ్ణి.