నరికిన తాటిచెట్లు వీడియోలో కావాలట

ఇబ్రహీంపట్నం పక్కన ప్లాటు కొన్న పెద్దమనుషులారా, అక్కడి తాటిచెట్లను నరికించింది మీరే.

మా తమ్ముడి బిడ్డ లావణ్య ఈ ఏడే యానిమేషన్ కోర్సులో చేరింది. కళ్లారా చూసిన ఒక కదలికను గీసుకురమ్మన్నాడు వాళ్ల సారు. చాలా రోజులు ఏమీ తోచక ఏడ్చిన పిల్లకు, చివరికి నడుముకు మోకు తాడు వేసుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుడు తట్టాడు. పొద్దున్నే ఇద్దరం తాటివనానికి పోయాం. అక్కడ మొదళ్లు, హద్దురాళ్లు, వెంచర్ జెండాలు మాత్రమే ఉన్నాయి.

ఆమె చేతిలో బొమ్మల పుస్తకం చూసి ప్లాట్లమ్మే ఏజెంటు దగ్గరికొచ్చాడు.

"యానిమేషన్ నేర్సుకుంటున్నవా చెల్లె? మా వెంచర్‌కు వీడియో చెయ్యరాదూ? తాటిచెట్లు మస్తుగ పెట్టు, కస్టమర్లకు ఊరి లుక్కు కావాలె."

"ఉన్నయి కొట్టేసి బొమ్మలు పెట్టమంటవా అన్నా?"

"బొమ్మలైతే జాగ తినయి గద."

తిరిగొచ్చేటప్పుడు "ఇగ నేనేం గీయాలె పెద్దబాపూ" అంది. ఆ ప్రశ్నే మీ ముందు పెడుతున్నాను. జవాబు ఉంటే కింద రాయండి. లేకపోతే ఇవి చేయండి:

తాటివనం కొట్టి వేసిన ప్లాటు కొనకండి.
వెంచర్ వేసేవాళ్లారా, గీత కార్మికులకు వేరే చోట వనం పెంచి ఇవ్వండి.
నరికిన చెట్టును బ్రోచర్లో చూపించి ప్లాట్లు అమ్మకండి.
ఒక్క చెట్టయినా, దాన్ని ఎక్కే మనిషితో సహా, ఉంచండి.