ఆక్సిజన్ సిలిండరుకు ఆయుధపూజ

మా ముత్తాత బాగేపల్లి చుట్టుపక్కల పన్నెండు గ్రామాలకు పటేలు. మా తాత ఎదురొస్తే జనం బండ్లు దిగి నిలబడేవారు. నేను చింతామణిలో గ్యాస్ వెల్డింగ్ అంగడి పెట్టాను. అందుకు ఏనాడూ తల దించుకోలేదు.

బెంగళూరు నుంచి వచ్చే ప్రతి ఆక్సిజన్ సిలిండరునూ నేనే పరీక్షించేవాణ్ణి. సొట్టలున్నాయేమోనని చేత్తో తడిమి, మెడ మీద అచ్చు కొట్టిన పరీక్ష తేదీ చదివి, వాల్వుకు సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తాయేమో చూసేవాణ్ణి.

ఒక ఏడు ఆయుధపూజ మరునాడు ఒక బస్సు యజమాని విరిగిన చాసిస్ అతికించమని వచ్చాడు. తాత కాలం నుంచి మా ఇంట్లోనే పనిచేస్తున్న ముసలాయన వాల్వు తిప్పబోయాడు. దాని మీద ఏదో తడిగా మెరిసింది.

"ఆగప్పా! ఏం పూసినావు దీనికి?"

"ఆముదమే సామీ. పూజకు మన కత్తులకు పూసినట్లే పూసినా."

ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్ తగిలితే నూనె భగ్గుమంటుంది; పైన తుడిచినా సందుల్లో జిడ్డు మిగులుతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పకపోవడం నా తప్పే. చేయి పట్టి పక్కకు తెచ్చాను.

బస్సు యజమాని నవ్వాడు. "తుడిస్తే పోతుంది కదప్పా! పటేలు వంశమోడివి, నూనె చుక్కకు భయపడతాండావే?"

"భయపడతాండా. నీ బస్సు ఇంకో దినం నిలబడినా ఏం కాదు. ఈయప్ప చేతులు పోతే యాడనుంచి తెచ్చేది?"

బస్సు యజమాని ఇంకో అంగడికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ముసలాయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని తృప్తిగా రాగిముద్ద తిన్నాము. ఏమి పూశామో రాసిన చీటీ కట్టి ఆ సిలిండరును తిప్పి పంపాను. ఇకమీదట పని ఆగకుండా రెండోది తెచ్చుకోవడానికి, పెళ్లిళ్లకు తీసే వెండి పన్నీరుబుడ్లు రెండూ చిక్కబళ్లాపురంలో అమ్మాను.