అరసవల్లిలో గడియ ఉన్న గది కోసం

మాఘమాసం వస్తోందంటే చాలు, అరసవల్లి వెళ్లేవాళ్లు నాకు మెసేజీలు పెడతారు. ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి, గది దొరుకుతుందా అని. ఈసారి మాఘం వెళ్లిపోయినా జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయక తప్పదు. ఎందుకంటే మూడేళ్లుగా మీలో చాలామందిని ఒక లాడ్జికి పంపిస్తున్నది నేనే. ‘శుభ్రంగా ఉంటుంది, ఆడవాళ్లు ధైర్యంగా దిగొచ్చు’ అని ఈ బ్లాగులోనే మూడుసార్లు రాశాను. ఏం తెలుసని రాశానో, నా మొహం.

అసలు ఈ ప్రయాణం నాది కాదు, రమణిది. బొబ్బిలిలో ఆరో తరగతి నుంచి పది దాకా మాది ఒకే బడి. అప్పట్లో తనని మగపిల్లల వరసలో కూర్చోబెట్టేవారు, వేరే పేరుతో పిలిచేవారు. ఆ పేరు మనకిప్పుడు అనవసరం. పది అయ్యాక ఇంట్లోంచి తరిమేస్తే శ్రీకాకుళంలో హిజ్రాల గుంపులో పదిహేనేళ్లు బతికింది. ఇప్పుడు నేనుండే విజయనగరంలోనే అద్దెగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, అందుకే నన్ను పంతులమ్మా అని పిలుస్తుంది. వాళ్లమ్మ చివరి రెండేళ్లూ రమణి దగ్గరికే వచ్చి ఉండి, ఏడాది కిందటి కార్తీకంలో పోయింది. పోయేముందు ఒక సంగతి చెప్పిందట. రమణికి నాలుగేళ్లప్పుడు కళ్లజబ్బు చేసి చూపు పోతుందన్నారట. చూపు దక్కితే అరసవల్లి సూర్యనారాయణస్వామికి బిడ్డ చేత్తోనే పరమాన్నం వండించి పెడతానని తల్లి మొక్కుకుంది. చూపు దక్కింది. మొక్కు మాత్రం ముప్పై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

వాళ్లింటి మొక్కు పద్ధతి ఇదీ: మాఘ ఆదివారం తెల్లవారుతూనే పుష్కరిణిలో తలస్నానం చేసి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేసి, కొత్తచీర కట్టుకుని, పిడకల పొయ్యి మీద వండాలి. చిక్కంతా ఆ తడిబట్టలు విప్పి చీర కట్టుకునే దగ్గరే. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటికి రమణి వెళ్లదు. ఎక్కడో ఒక తిరునాళ్లలో అలా వెళితే ఒకామె కేకలు పెట్టిందట, మగాళ్లు పరిగెత్తుకొచ్చి చితకబాదారట. మగవాళ్ల వైపు ఎలా వెళుతుంది? “గుడికి దగ్గర్లో లోపల గడియున్న గది ఒకటుంటే సాలే పంతులమ్మా, అరగంట సాలు” అంది. ఓస్, అంతేనా అన్నాను. లాడ్జికి ఫోన్ చేసి, ఇద్దరం ఆడవాళ్లమని చెప్పి, శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా పన్నెండు వందలకు గది మాట్లాడేశాను.

శనివారం పొద్దున్న ఏడు దాటాక విజయనగరంలో ప్యాసింజరెక్కాం. టికెట్టు ఇరవై రూపాయల లోపే, పొందూరుకి గంటా పావు పట్టింది. స్టేషన్ నుంచి ఊళ్లోకి షేర్ ఆటో ఇరవై రూపాయలు. కొత్తచీర పొందూరు ఖద్దరే అవ్వాలని రమణి పట్టు. మేం వెళ్లిన ఇంట్లో ఒక పెద్దామె వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతోంది. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో దువ్వితే పత్తిలో నలక ఉండదట. రమణి గడపలోనే ఆగిపోతే ఆవిడ తలెత్తి, “గుమ్మంలో నిలబడిపోనావేటమ్మా, రా, కూకో” అని పీట జరిపింది. అంతే, మా రమణి ఇక లేవలేదు. గంటసేపు నూలు వేళ్ల మధ్య నలిపి చూస్తూ, అంచుకి ఏ దారం వాడారో అడుగుతూ కూర్చుంది. పసుపంచు తెల్లచీర ఆరువేల ఎనిమిదివందలు. ఏడాదిగా దాచుకున్న డబ్బు. “ఉతికేకొద్దీ మెత్తనవుతాది, నీ పిల్లలకి కూడా వస్తాది” అంది పెద్దామె. “నాకు పిల్లలెక్కడున్నారమ్మా” అంది రమణి. “అయితే ఇంకా మంచిది, నువ్వే కట్టుకో” అందావిడ. ముగ్గురం నవ్వాం. ఆ రెండు రోజుల్లో నేను మనసారా నవ్వింది అక్కడే.

పొందూరు నుంచి శ్రీకాకుళానికి పల్లెవెలుగు బస్సులో ముప్పావుగంట ప్రయాణం. ఇప్పుడు ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ ఆర్టీసీలో టికెట్టు ఉచితం కదా. కండక్టరు రమణికి కలెక్టరాఫీసు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ కార్డు చూసి, మారుమాట లేకుండా సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. రమణి ఆ ముక్కని మడిచి పర్సులో పెట్టుకుంటే వేళాకోళం చేశాను. “నువ్వు నవ్వుతావులే. అడక్కుండా ఇచ్చేది నాకు ఇదొక్కటే” అంది. మధ్యాహ్నం భోజనానికి ఒక మెస్సుకి వెళ్తే సర్వరు నా ముందు విస్తరి వేసి, రమణితో “నీకు పార్సిల్ కట్టించెత్తాను, బయట నిల్చో” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అరవబోతుంటే రమణి చెయ్యి పట్టుకుంది. “గొడవొద్దే. రేపు మొక్కుంది.” ఇద్దరం రెండు పార్సిళ్లు కట్టించుకుని ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సులో బెంచీ మీద తిన్నాం. పప్పు బాగానే ఉంది, అదీ చెప్పాలి కదా.

కాంప్లెక్సు నుంచి అరసవల్లికి ఆటోలో మనిషికి ఇరవై. డ్రైవరు రమణిని చూడగానే, “అమ్మా, బండి కొత్తది, ఓపాలి దీవించు” అని తల వంచాడు. రమణి తన కొంగుతో స్టీరింగు తుడిచి, మెటికలు విరిచి దిష్టి తీసింది. ఎక్కడ దిగుతారని అడిగితే లాడ్జి పేరు చెప్పాను. అద్దంలో రమణిని చూసి తటపటాయించాడు. “ఆళ్లు ఇవ్వరేమోనండి.”

“నేను ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు నాకు బాగా తెలుసు” అన్నాను. ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

కౌంటర్లో మేనేజరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రమణి లోపలికి రాగానే అతని ముఖం మారిపోయింది. “ఇద్దరాడోళ్లమని సెప్పేరు కదండీ” అన్నాడు. “ఇద్దరం ఆడవాళ్లమే” అన్నాను. రమణి కలెక్టరాఫీసు కార్డు ముందు పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. “కార్డు మంచిదేనండి, నాను కాదంతన్నానా? రేపు మాఘాదివారం. పైనంతా ఫ్యామిలీలు. ఎవులైనా గొడవ సేత్తే ఓనరు నా ఉజ్జోగం పీకెత్తాడు.” ఇలా గది లేదనడం నేరమని, దానికి చట్టముందని గొంతు పెంచాను. “మీరు పెద్దోళ్లు, సదువుకున్నోళ్లు. నాను జీతగాణ్ణి మేడమ్” అన్నాడు. అతని వెనక చెక్క మీద తాళాలు వేలాడుతూనే ఉన్నాయి.

అప్పుడు రమణి మెల్లగా అడిగింది. “బాబూ, నన్ను గుర్తు పట్నేదా? ఈ లాడ్జి ఓపెనింగుకి మా గురువుతో వచ్చింది నానే.” మా వైపు కొత్త కొట్టు తెరిచినా, లాడ్జి తెరిచినా హిజ్రాలను పిలిచి దిష్టి తీయించుకోవడం చాలామందికి అలవాటు. వాళ్లు అడుగు పెడితే వ్యాపారం కలిసొస్తుందని నమ్మకం. “గుమ్మడికాయ కొట్టింది నా సేత్తోనే. పద్దెనిమిది గదులు. అన్నిట్లోకీ ముందు నా సేతే కుడికాలు పెట్టించినాడు మీ ఓనరు.”

మేనేజరు తల దించుకున్నాడు. “గుర్తున్నాదమ్మా. అది సుబకార్యం.”

“మరి ఇదేటి?”

అతను కార్డుని రెండు చేతులతో, ఎంతో మర్యాదగా తిరిగి ఇచ్చాడు. అంత మర్యాద చూపించకపోయినా బాగుండేది.

పోలీసు స్టేషన్‌కి వెళదామన్నాను. “ఎల్తే రేపు సూర్యుడు నెత్తిమీదకొచ్చినా అక్కడే ఉంటాం” అంది రమణి. గంటన్నర తిరిగి మరో మూడు లాడ్జీలు అడిగాం. ఒకచోట ఖాళీ లేదన్నారు. మా వెనకే వచ్చిన జంటకు తాళం ఇచ్చారు. రెండోచోట మగవాళ్లు తోడుంటేనే అన్నారు. మూడోచోట కౌంటర్లో ఉన్నావిడ రమణి వైపు చూడనైనా చూడకుండా, “మీకొక్కరికైతే ఇత్తానండి” అంది. నీరసంగా టీకొట్టు దగ్గర నిలబడితే మొదటి లాడ్జి మేనేజరు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. పాపం, అతని మనసూ ఊరుకోలేదు కాబోలు. “మేడమ్, రిజిస్టర్లో మీ పేరే రాత్తాను. రాత్రికి ఈయమ్మ ఎక్కడైనా తలదాచుకుంటే, పొద్దున్న అందరూ లేవకముందే స్నానం సేసేసి, వెనకాల ఇనపమెట్లెక్కి వచ్చి సీర మార్చేసుకుని దిగిపోవచ్చు. నాను సూడనట్టే ఉంటాను.”

నేను అలిసిపోయి ఉన్నాను. కాళ్లు పీకుతున్నాయి. ఎలాగోలా పనైతే చాలనిపించింది. “పోనీ, అలా కానిద్దామా? అరగంటే కదా” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, మేనేజరు నోట్లోంచి కాదు. రమణి నా వైపు చూసింది. కోపంగా చూసినా తట్టుకునేదాన్ని. “పదేనేళ్లు ఎనక మెట్లే ఎక్కినానే” అంది. “నీతో వస్తే ముందు గుమ్మంలోంచి ఎల్తాననుకున్నాను.”

తను ఇంటికి వెళ్లిపోతానంటే కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. వెళితే ఇద్దరం వెళ్లిపోదాం అన్నాను. వినలేదు. బియ్యం, బెల్లం, నెయ్యి, చిక్కుడాకులు ఉన్న సంచి నా చేతికిచ్చింది. “ఇద్దరం ఎల్లిపోతే మాయమ్మకేటి సెప్తాను? నువ్వు పెట్టెయ్యి. పాలు మాత్రం పొద్దున్న కొను, విరిగిపోతాయి.” చీర ఉన్న కవరు తనతో తీసుకెళ్లింది. అయిదు గంటల విజయనగరం బస్సెక్కించాను. కిటికీ పక్కన కూర్చుని కవరు ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలినా ఇటు తిరగలేదు.

నేనెక్కడ పడుకున్నానో చెబితే మీరు ఛీ అంటారు. ఆ లాడ్జిలోనే. మొక్కు వంకతో ముందు గుమ్మంలోంచే వెళ్లాను. ఆ గది తలుపుకి పైనొకటి, కిందొకటి, రెండు గడియలున్నాయి.

ఆదివారం పొద్దున్న అయిదున్నరకు పుష్కరిణిలో స్నానం, ప్రదక్షిణలు, గదికొచ్చి చీర మార్చుకోవడం అన్నీ అరగంటలో అయిపోయాయి. గుడి బయట పిడకలూ మట్టికుండా కలిపి నూటయాభై. పాలు పొయ్యి మీద పెట్టాను. పక్క పొయ్యి దగ్గర నరసన్నపేట వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం ఆవిడ కూర్చుంది. మొక్కెవరిదని అడిగితే స్నేహితురాలిదన్నాను. “తను రానేదేటి?” రాలేకపోయిందన్నాను. ఆవిడ నొచ్చుకుంది. “అయ్యో! మొక్కినోళ్లో, ఎవరి గురించి మొక్కేరో ఆళ్లో వండాల తల్లీ. మారు సేత్తో వండితే సామికి సేరుతాది గానీ మొక్కు తీరదు. మల్లీ ఏడు ఆయమ్మని తీసుకుని రా.” తలూపాను. ఆ మాటల్లో పడి నేను చూడకుండానే పాలు పొంగి పొయ్యిలో పడిపోయాయి.

ఎనిమిదింటికి రమణి ఫోన్ చేసింది. వెనక మిషన్ చప్పుడు వినబడుతోంది, ఆదివారం కూడా పని పెట్టుకుంది.

“పొంగిందేటే?”

“పొంగింది.”

“ఏ దిక్కుకి?”

“తూర్పుకే” అన్నాను.

“మంచిదే. మాయమ్మ సంతోషిస్తాది” అంది.

ఇది జరిగి నెలైంది. కలెక్టరుగారికి అర్జీ రాశాను. సంతకం పెట్టమంటే రమణి ఒప్పుకోలేదు. “మల్లీ ఆ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లి నిలబెడతారు, నావల్ల కాదు” అంది. తను లేకుండా ఆ అర్జీ ఎంత దూరం వెళుతుందో నాకు తెలియదు, పెద్దగా ఆశ కూడా లేదు. నా జాకెట్లు ఎప్పటిలాగే కుట్టి ఇస్తోంది, నవ్వుతోంది. వచ్చే మాఘానికి వెళదామంటే మాత్రం మాట మార్చి, జాకెట్టు చేతి కొలత మళ్లీ తీసుకోవాలంటుంది. ముప్పై ఏళ్ల స్నేహం మీద నాకు చాలా ధీమా ఉండేది. చట్టం ఏం చెబుతుందో చదివి మరీ వెళ్లాను. అది కాగితం మీద ఉంది, కార్డు కౌంటర్ మీద ఉంది, చివరికి నా నోటికొచ్చింది ‘పోనీ’ అన్న మాట. ఆ మేనేజరుని తిట్టుకున్నన్నాళ్లూ బాగానే ఉండేది. ఇప్పుడు అదీ చేతకావడం లేదు. పాలు ఎటు పొంగాయో నేను చూడనే లేదని తనకింకా చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి. ఆ లాడ్జి గురించి పాత పోస్టుల్లో రాసిన మంచి మాటలన్నీ తీసేశాను, బదులుగా చెప్పడానికి ఇంకో లాడ్జి పేరు నా దగ్గర లేదు. రమణిలాంటి మనిషిని వెంట తీసుకెళ్లేవాళ్లు ‘ఇద్దరు ఆడవాళ్లం’ అని నాలాగా సగం చెప్పి ఊరుకోకండి. బయలుదేరే ముందే ఫోన్ చేసి, వచ్చేదెవరో పూర్తిగా చెప్పి గది అడగండి. గది లేదని వాళ్లంటే ఆ మాట మీ ఇంట్లో కూర్చుని మీరు ఒక్కరే వినండి, మీతో వచ్చే మనిషిని కౌంటర్ ముందు నిలబెట్టి వినిపించకండి.