ముందు వరుస కుర్చీ

కంచరపాలెం నాటకాల హాలుకు ఒకాయన కాపలాదారు. భుజం మీది తువ్వాలుతో ముందు వరుస కుర్చీలు తుడిచి, ఆ రోజు వేషం వేసేవాళ్ల ఇంటివాళ్లనే అక్కడ కూర్చోబెట్టేవాడు.

ఆ ఏడాది నాటకాలు మొదలైన ఆదివారం నేనూ నా భార్యా నేరుగా ముందుకు నడిచాం. ఆయన అడ్డొచ్చాడు.

“మీ ఇంటోలెవులైనా ఆడతన్నారేటి బాబూ?”

“ఈ స్థలం మా తాతగారు ఇచ్చింది.”

“ఆయనకో దండం. ఆయన్నొచ్చి ఆడమనండి, మిమ్మల్ని కూకోబెడతాను.”

జనం నవ్వారు. మానేస్తే ఓడినట్టని, ప్రతి ఆదివారం వెళ్లి నాలుగో వరుసలో నిటారుగా కూర్చున్నాను.

చివరి నాటకం రోజు జమీందారు వేషధారికి జ్వరం వచ్చింది. కాపలాదారే నా దగ్గరకొచ్చాడు.

“బాబూ, అంత బిర్రుగా నడిసేవోరు ఇక్కడ మీరొక్కరే. రెండే మాటలు. ఒప్పుకోండి.”

ఒప్పుకున్నాను. నా భార్య తెర వెనక నాకు తలపాగా చుట్టి హాల్లోకి వెళ్లింది. నేను రంగం మీదకొచ్చి మొదటి మాట అన్నాను. అప్పుడే కింద ఆయన తువ్వాలు దులిపి, ముందు వరుసలో ఒక కుర్చీ తుడిచి గట్టిగా అరిచాడు.

“జమీందారుగారి ఇంటోలొత్తన్నారు, జరగండి!”

జమీందారీ పోయిన మా వాళ్లకు ఆ పిలుపు వినిపించి యాభై ఏళ్లు దాటింది. నేను రెండో మాట మరిచిపోయాను.