నాయన బోర్డుకు మధ్య చూసే దారం

సుబ్బమ్మక్కా, మోకాళ్ల నొప్పి తగ్గిందా? పొదిలి కాంతమ్మా, షుగరు మాత్రలు మానలేదు కదా? రాచర్ల రంగమ్మ వదినా, దగ్గు ఎట్లా ఉంది? ఒక్కరు జవాబు రాయకపోయినా నాకు నిద్ర పట్టదు.

మా ఆయన సంవత్సరీకం కార్డు కోసం నిన్న గిద్దలూరులో డీటీపీ దుకాణానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి పేరు టైపు చేసి మీట నొక్కగానే అది మధ్యకు జరిగింది. నాకు మాత్రం ఎడమకు పోయినట్టే కనిపించింది.

“పేరు పక్కకు పోయిందే తల్లీ!”

“సెంటర్ కొట్టినాను అవ్వా. కావాలంటే చూడు.” ప్రింటు తీసి స్కేలు పెట్టింది. రెండు వైపులా సమానంగానే ఉంది.

స్కేలు నేనే తీసుకుని మళ్లీ పెట్టి చూశాను. మా నాయన మీకు గుర్తున్నాడు కదా, మార్కాపురంలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మా గడప దగ్గరికి వస్తేనే రంగు, కిరసనాయిలు కలిసిన వాసన తగిలేది. బోర్డు పొడవునా దారం పట్టి, రెండుగా మడిచి, మధ్య గుర్తు పెట్టేవాడు. నడిమి అక్షరం ముందు రాసి అటూ ఇటూ సాగేవాడు. డెబ్బైలో మార్కాపురం వైపు ఊళ్లు కర్నూలు నుంచి కొత్త జిల్లాలో కలిసినప్పుడు, బోర్డుల మీద పాత జిల్లా పేరు చెరిపి కొత్తది రాయడానికే ఆయనకు తీరిక లేదు.

అప్పుడే ఒక శెట్టి, “ఏంది ఇట్ల రాసినావప్పా, పేరంతా ఒక పక్కకు పోయింది!” అన్నాడు.

“నా కంటికి సరిగ్గానే ఉందే,” అన్నాడు నాయన.

అమ్మ దారం పట్టి చూస్తే పేరు నిజంగానే పక్కకు జరిగి ఉంది. ఆ ఏడాదే నాయన కుంచెలు అటకెక్కాయి. తర్వాత అన్నం కంచం కూడా తడుముకునేవాడు.

కార్డు అట్లాగే ముద్రించమన్నాను. పొదిలి కంటి డాక్టరుకు ఫోన్ చేస్తే బుధవారం రమ్మన్నాడు. కాంతమ్మా, ఆ రోజు పొద్దున బస్సు దిగి ముందు మీ ఇంటికే వస్తాను, నాకు తోడు రావాలి.