టబ్బులో ఫోటోలు

ఏసీ చలికి కొత్త రంగు వాసన తోడై ముక్కు పట్టేస్తుంటే, మా అమ్మాయి వెనకాలే కువైట్ మ్యూజియం గోడ పొడవునా నడిచాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా తన దేశంలోని జపాన్ కుటుంబాలను శిబిరాల్లో నిర్బంధించినప్పటి ఫోటోలవి. పిల్లల కోటు గుండీలకు నంబరు చీటీలు వేలాడుతున్నాయి. పోలీసులొస్తారన్న భయంతో చాలామంది ఇంట్లో ఫోటోలూ ఉత్తరాలూ తామే కాల్చేసుకున్నారని ఒకదాని కింద రాసి ఉంది. ఆ వాక్యం మళ్లీ చదివాను.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇదే కువైట్‌లోని అహ్మదిలో, ఎండాకాలం కుళాయి తిప్పితే చేతులు బొబ్బలెక్కేంత వేడినీళ్లు వచ్చే చమురు కంపెనీ క్వార్టర్లో, నేను గచ్చు మీద గళ్లు గీసుకుని అష్టాచెమ్మా ఆడుతుంటే, వరలక్ష్మీవ్రతం బూరెలకి అమ్మ శనగపప్పు నానబోస్తుంటే, నూనె వాసన కొట్టే చొక్కా తొడుక్కుని నాన్నగారు డ్యూటీ బస్సెక్కారు. తెల్లారి బస్సు రాలేదు. ఇరాక్ ట్యాంకులొచ్చాయి. పప్పు గిన్నెలోనే పులిసిపోయింది.

నాలుగోరోజు పైవాటా రాయచోటి పిన్ని పరుగున దిగొచ్చింది. "అక్కా, కువైట్ జెండా ఫోటో దొరికితే మనిషిని పట్టుకపోతాండారంట. ఉంటే పారేయండక్కా."

మా ఆల్బమ్‌లో నాన్నగారు కువైటీ పెద్దసారు పక్కన జెండా పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఉంది. అదొక్కటీ తీసేస్తే సరిపోయేది. భయపడ్డ మనిషికి లెక్కలుంటాయా? ఏ ఫోటో దొరికినా ఆ మొహం పట్టుకుని వెతుకుతారనుకుంది అమ్మ. కాలిస్తే పొగ కనిపిస్తుందని, పెళ్లి ఫోటోలతో సహా అన్నిటినీ టబ్బులో ఆ మరిగే నీళ్లలో పడేసింది.

"బేగా తుడిచెయ్యవే! ఆళ్లు సూశారంటే మీ నాన్నని ఒట్టుకుపోతారు!"

నేను బొటనవేలితో రుద్దాను. పాల మీద మీగడలా మీసం జరిగింది, కళ్లు జరిగాయి, తెల్లకాగితం మిగిలింది. ఎంత త్వరగా తుడిస్తే నాన్నగారు అంత త్వరగా వస్తారని పోటీపడి మరీ రుద్దాను. ఛీ, ఏం చేతులివి!

సాయంత్రం ఇద్దరు సైనికులు వచ్చారు. అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. బీరువా తెరిచారు, రేడియో పట్టుకుపోయారు. ఫోటోల ఊసే ఎత్తలేదు.

నాన్నగారు మాత్రం రాలేదు. యుద్ధం ముగిశాక కంపెనీవాళ్లూ జాడ లేదన్నారు. పాస్‌పోర్టు ఉన్న ఆఫీసు కాలిపోయిందట. ఊళ్లో మామ్మ దగ్గరున్న ఒక్క ఫోటో ఆయన అయిదో ఏట తీయించింది. అందరూ వద్దన్నా వినకుండా నేను మళ్లీ ఈ దేశానికే ఉద్యోగానికి వచ్చాను. ఆ క్వార్టర్లూ లేవు, ఆ బస్సులూ లేవు.

"అమ్మా, తాతగారు ఎలా ఉండేవారు?" అంది మా అమ్మాయి, గోడ మీది ఎవరో జపాన్ ముసలాయన్ని చూస్తూ. ఆయన కనుబొమల్లో వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఇప్పటికీ ఇక్కడి ఎగైలా మాల్‌లో ఏ పెద్దాయనైనా తెలుగు మాట్లాడితే గబగబా దగ్గరికి వెళ్లి గొంతు వింటాను. మొహం చూడను. చూసి మాత్రం ఏం పోల్చుకోగలను?