ఒక్క ఫ్లాపీలో నూటయాభై పాటలు

కాబోయే మామగారి ముందు పరువు పోగొట్టుకోవడానికి మగవాడికి సవాలక్ష మార్గాలున్నాయి. ఒంటి మీద కాఫీ ఒలకబోసుకోవచ్చు, పంచె జారవిడుచుకోవచ్చు. నేను మాత్రం చొక్కా జేబులో పట్టే నల్ల ప్లాస్టిక్ బిళ్లతో ఆ ఘనకార్యం సాధించాను. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మధ్యమధ్యలో కాస్త జాలి కూడా పడండి, అప్పటికి నాకు పాతికేళ్లే.

హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తోంది. చుట్టూ బండరాళ్లు, మధ్యలో అద్దాల మేడ, అందులో నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోయి తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఎక్కడో అమెరికాలో గదంతేసి పాత కంప్యూటర్లలో ఆ తేదీలు సరిచేయడం మా పని. పొద్దస్తమానం నల్ల తెర, పచ్చ అక్షరాలు. మామూలు కంప్యూటరన్నా, మౌసన్నా నాకు ముఖపరిచయమే తప్ప స్నేహం లేదు. ఈ సంగతి కొండాపూర్‌లో మా ఇంటి ఓనరుకి తెలీదు, కాకినాడలో మా అమ్మానాన్నలకీ తెలీదు. అందరి దృష్టిలో నేను కంప్యూటర్లు కాచి వడబోసినవాణ్ణి.

పెళ్లిచూపులకి కూకట్‌పల్లి వెళ్లాను. అమ్మాయి పేరు లలిత. చూడగానే నచ్చేసింది. ఆమెకీ నేను నచ్చినట్టే ఉంది, కాఫీలో పంచదార సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది. చిక్కంతా వాళ్ల నాన్న పురుషోత్తంగారితోనే. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఏ కాగితాన్నీ ఒక్క చూపుతో వదిలే మనిషి కాదు.

"అంతా బాగానే ఉంది బాబూ. రెండువేలు వచ్చేశాక మీ పనేమిటి?" అన్నారు.

ధీమా నటించాను. "చాలా పనులుంటాయండి. అసలు కంప్యూటరుతో చేయలేనిదంటూ ఏముందండి!"

"అలాగా?" అని ఆయన గదిలో ఓ మూలకి చూశారు. లలిత చదువు కోసం కొన్న కంప్యూటరు, పక్కనే టేపురికార్డరు. ఆయనకి పాత పాటలంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో స్టేజి మీద పాడి చప్పట్లు కొట్టించుకున్న పాట ఒకటుందట. ఆ క్యాసెట్టుని ఈ టేపురికార్డరే నమిలేసిందట. కోఠీ అంతా తిరిగినా ఇంకోటి దొరకలేదట.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"అదెంత పనండీ! మా ఆఫీసు కంప్యూటర్లో నూటయాభై పాత పాటలున్నాయి. అదీ ఉంది. ఆదివారం పట్టుకొస్తాను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే ఆదివారం రా బాబూ. తాంబూలాల మాట కూడా అప్పుడే అనుకుందాం."

చూశారా, మీరు నుంచి నువ్వులోకి వచ్చేశారు. ఇక పాటలు మోగితే పెళ్లి, లేకపోతే కాకినాడ రైలు.

ఆ పాటలు నిజానికి మల్లేశ్‌వి. నా పక్క సీటువాడు, నార్సింగి కుర్రాడు, మౌసున్న మామూలు కంప్యూటరు వాడి దగ్గరే ఉంది.

"మల్లేశ్, కాబోయే మామగారి కోసం ఈ పాటలన్నీ ఓ ఫ్లాపీలో వేసుకుంటానోయ్" అన్నాను.

"ఏందన్నా, మజాక్ చేస్తున్నవా? ఫ్లాపీల ఒక్క పాట గూడ పట్టది. సీడీ మీద కొట్టాలె. నేను మా చిన్నమ్మ బిడ్డ పెండ్లికి పోతున్న. సోమారం వచ్చి చేసిస్త."

"ఆదివారానికే కావాలి!"

"గంత పరేషాన్ ఎందుకే? జర ఆగుమని చెప్పు మీ మామకు."

ఇంకా కాని మామగారిని ఆగమనడమెలా? మల్లేశ్ వెళ్లగానే వాడి కుర్చీలో కూర్చున్నాను. పాటలన్నీ మౌసుతో పట్టి ఫ్లాపీ మీదికి ఈడ్చాను. కంప్యూటరు ఏదో అడిగింది. ప్రశ్న చదవకుండా జవాబు రాయడం నాకు ఇంటర్మీడియట్ నుంచీ అలవాటు, ఏదో ఒకటి నొక్కాను. కాసేపు గుర్రుగుర్రుమని ఆగింది. ఫ్లాపీ తెరిచి చూద్దును కదా, నూటయాభై పేర్లూ ఉన్నాయి! ఒకటి నొక్కాను. పాట ఖంగున మోగింది.

నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. మా అమ్మ ఒక్క ట్రంకుపెట్టెలో ఆరుగురి బట్టలు సర్దేది. ఆ ఒడుపు నాకూ వచ్చింది, పాపం మల్లేశ్‌కి సర్దడం రాదు అనుకున్నాను.

ఆదివారం పురుషోత్తంగారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని కంప్యూటరు ముందు కుర్చీ వేయించుకున్నారు. కళ్లు మూసుకుని, తాళానికి సిద్ధంగా మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ముందు నా పాట పెట్టు బాబూ" అన్నారు.

నొక్కాను. తెర మీద చిన్న టార్చిలైటు బొమ్మ ప్రత్యక్షమై అటూ ఇటూ వెతకసాగింది. వెతికి వెతికి, నువ్వడిగింది లేదు కానీ ఇలాంటిదే ఇంకొకటి ఉంది, ఇవ్వనా అంది. ఇవ్వక చస్తావా అని నొక్కాను.

భళ్లున గాజు పగిలిన చప్పుడు!

వంటింట్లోంచి లలిత వాళ్లమ్మగారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో, ఏం పగిలిందండీ? తాంబూలాల మాట అనుకునే వేళ ఈ అపశకునమేమిటి?"

"ఏం పగల్లేదండీ, పాటే" అన్నాను.

"నా పాటలో ఏదీ పగలదే!" అన్నారు పురుషోత్తంగారు, ఒక కన్ను తెరిచి.

ఇంకో పాట నొక్కాను. టార్చిలైటు, వెతుకులాట, భళ్లు! మరొకటి. భళ్లు! అమ్మగారు నమ్మకం కుదరక లోపలికెళ్లి గాజు గ్లాసులు లెక్కపెట్టుకుంటున్నారు.

అప్పుడు లలిత వచ్చి తెరవైపు వంగి చూసింది. పెదవులు బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు.

"నాన్నగారూ, ఇవి పాటలు కావండీ. పాటలు ఎక్కడున్నాయో చెప్పే అడ్రసులు. పాటలు వీళ్లాఫీసులోనే ఉండిపోయాయి. అందుకే అక్కడ మోగుంటాయి. ఇక్కడ దొరక్క, మన కంప్యూటర్లో ఉన్న చప్పుడేదో వినిపిస్తోంది."

పురుషోత్తంగారి మోకాలి మీద చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆ ముఖం చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పెళ్లి పోతుందన్న భయం కన్నా, పెద్దాయన్ని ఆశపెట్టి ఉసూరుమనిపించానన్న బాధే ఎక్కువైంది. ఉన్నదంతా కక్కేశాను.

"నాకీ కంప్యూటర్లు రావండీ. పచ్చ అక్షరాలవే వచ్చు. మీరు వద్దంటారేమోనని కోతలు కోశాను. క్షమించండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నన్ను కాగితంలా చదివారు.

"మా ఆఫీసులో ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నానయ్యా. ఫైలు పంపమంటే ఫైలు నంబరు పంపేవాళ్లే అందరూ. తప్పు నాదే అని ఒప్పుకున్నవాణ్ణి మాత్రం ఇవాళే చూశాను" అని, వంటింటివైపు తిరిగి "ఏమేవ్, గ్లాసులు తర్వాత లెక్కపెట్టుకుందువుగానీ, పంచాంగం పట్రా" అని కేకేశారు. తర్వాత నా వైపు వేలు చూపించి, "ఒక్క షరతు. ముహూర్తానికి పీటల మీదికి నువ్వే రావాలి. అడ్రసు పంపించి ఊరుకుంటే ఒప్పుకోను" అన్నారు.

ఆ సాయంత్రమే కూకట్‌పల్లి బస్టాపులో నిలబడి భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ వస్తువునైనా బయల్దేరిన చోట కాదు, దారి మధ్యలో తెరిచి, పనిచేస్తోందని రుజువు చేసుకున్నాకే అవతలివాళ్ల చేతిలో పెడతాను. ఈనాటికీ మాట తప్పలేదు. మా అత్తవారింటికి తీసుకెళ్లే మిఠాయి డబ్బాలో ఎప్పుడూ నాలుగు తక్కువుండటానికి కారణం అదేనని లలితకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.